బీరువాకు తాళం, చేతికి ట్యాబ్

సర్కారు బడి పిల్లలకు తెలుగు చదవడం రావట్లేదు కాబట్టి ఏఐతో నేర్పిస్తాం అని ప్రభుత్వాలు అంటున్నాయి. ఒక్కో పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో కనిపెట్టి, వాడికి తగ్గ పాఠం వాడికే ఇస్తుందట. వినడానికి బాగానే ఉంది. తెలంగాణలో 2025 ఫిబ్రవరిలో ఆరు జిల్లాల్లోని 36 ప్రాథమిక పాఠశాలలతో మొదలుపెట్టి తర్వాత విస్తరించారు, ఆంధ్రప్రదేశ్‌లో ట్యాబ్‌ల కథ సరేసరి. మేం అడిగేది ఒక్కటే. "పిల్లవాడికి తగ్గట్టు" అని ఇంత గట్టిగా చెబుతున్నవాళ్లు, అదే పిల్లవాడు తనకు నచ్చిన కథల పుస్తకం ఒకటి సాయంత్రం ఇంటికి పట్టుకెళ్తానంటే ఎందుకు పట్టుకెళ్లనివ్వరు?

చాలా బడుల్లో లైబ్రరీ అంటే హెడ్మాస్టర్ గదిలో ఒక ఇనప బీరువా. లోపల రంగురంగుల బొమ్మల పుస్తకాలు, మీద స్టాక్ రిజిస్టర్ నంబర్లు, తెరిచి చూస్తే ఇంకా అంటుకునే ఉన్న పేజీలు. తనిఖీకి అధికారి వస్తున్నాడంటే వాటిని బయటికి తీసి, గోడకు తాడు కట్టి, క్లిప్పులు పెట్టి వేలాడదీస్తారు. ఆయన జీపు గేటు దాటగానే మళ్లీ బీరువాలోకి. దీనికి టీచర్లను తిట్టి లాభం లేదు. పుస్తకం చిరిగినా పోయినా జవాబు చెప్పాల్సింది వాళ్లే, మరి ఆ భయంతో తాళం వేయక ఏం చేస్తారు? ప్రాథమిక పాఠశాలకు లైబ్రరీ కింద కేంద్ర పథకం సమగ్ర శిక్షా ఏడాదికి ఇచ్చేది 5,000 రూపాయలు. ఒక్క మోస్తరు ట్యాబ్‌కు కూడా చాలని ఆ డబ్బుతో కొన్న పుస్తకాలను కూడా పిల్లల చేతికి అందనివ్వని వ్యవస్థ, ఇప్పుడు పిల్లల్లో చదివే ఆసక్తి పెంచుతానని బయల్దేరింది.

పరిస్థితి బాగాలేదన్నది నిజమే, దాన్ని మేం కాదనట్లేదు. పిల్లల చదువు స్థాయిని ఇంటింటికీ వెళ్లి కొలిచే అసర్ 2024 సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతమే, ఐదో తరగతిలో చూసినా 44.8 శాతం దాటలేదు. అంటే ఐదేళ్లు బడికి వెళ్లాక కూడా సగానికి పైగా పిల్లలు చిన్న కథ చదవలేకపోతున్నారు.

సాఫ్ట్‌వేర్‌తో ఫలితాలొచ్చిన దాఖలాలు ఉన్నాయని సమర్థించేవాళ్లు చెబుతారు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే పాఠాల సాఫ్ట్‌వేర్ మీద ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం చేసిన అధ్యయనం, 2019లో అచ్చయింది, అందులో హిందీ, లెక్కలు రెండూ మెరుగుపడ్డాయి. ఒప్పుకుంటాం. కానీ అక్కడ జరిగింది పూర్తిగా చెప్పాలి కదా. రోజుకు గంటన్నర సెషన్‌లో సగం సమయం కంప్యూటర్ ముందు, మిగతా సగం చిన్న గుంపుగా కూర్చోబెట్టి ఒక మనిషి దగ్గరుండి చదివించడం. మన దగ్గర ఆ రెండో సగం గురించి ఎవరూ ఎత్తరు. ఒకే టీచర్ ఐదు తరగతులు చూసుకునే బడిలో ఆ మనిషిని ఎక్కడి నుంచి తెస్తారు?

అసలు చదవడం అంటే ఏంటో కూడా ఒకసారి చూద్దాం. పిల్లవాడు ఒత్తులు, గుణింతాలు తప్పు లేకుండా గడగడా చదివేస్తే స్క్రీన్ మీద నక్షత్రాలు వెలుగుతాయి. "సరే, కథలో ముసలావిడ ఎందుకు ఏడ్చింది?" అని అడిగితే మొహం తెల్లబోతుంది. అర్థమైందా లేదా అన్నది బయటపడేది అలాంటి ప్రశ్నతో, పక్కనున్న పిల్లతో పోట్లాటతో, అదే పుస్తకం నాలుగోసారి అడిగినప్పుడు. ఇక ఇంట్లో గోండి, కోయ, సవర మాట్లాడే పిల్లలకైతే మొదటి అడ్డంకే తెలుగు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లోనే ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠ్యపుస్తకాలు తయారుచేసి బోధన మొదలుపెట్టారు. పిల్లవాడికి తగ్గట్టు నేర్పడం అంటే అది. దాన్ని బలపరిచే పని మాత్రం ఏ ప్రభుత్వానికీ ముఖ్యం కాలేదు.

ఇంకో సంగతి. 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లలను ట్రాక్ చేయొద్దని చెప్పింది, 2025 నవంబర్‌లో వచ్చిన రూల్స్ చదువు పేరుతో విద్యాసంస్థలకు మినహాయింపు ఇచ్చాయి. అంటే పిల్లవాడు ఎక్కడ ఆగాడు, ఏ పదం దగ్గర తడబడ్డాడు అంతా రాసిపెట్టుకోవడానికి యంత్రానికి అనుమతి దొరికింది. తనకు కావలసిన పుస్తకం తానే తీసుకునే అనుమతి పిల్లవాడికి ఇంకా దొరకలేదు!

2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు బైజూస్ అనే ఆన్‌లైన్ చదువుల కంపెనీ పాఠాలతో పంచారు. 2024 జులైలో ఆ కంపెనీయే దివాలా ప్రక్రియలో చిక్కుకుంది. ఇలా కంపెనీల జాతకం మీద పిల్లల చదువు ఆధారపడటం ఒకసారి చూశాం, చాలు. ఎన్ని ట్యాబ్‌లు పంచామో ఊరూరా ఫ్లెక్సీ కట్టి చెప్పినవాళ్లు, వాటితో ఎంతమంది పిల్లలు ఒక పుస్తకమైనా పూర్తిగా చదివారో అంతే గట్టిగా ఎందుకు చెప్పరు?

టెక్నాలజీ వద్దని మేం అనట్లేదు. ప్రథమ్ బుక్స్ అనే పిల్లల పుస్తకాల సంస్థ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో 2015 నుంచి తెలుగు సహా ఎన్నో భాషల్లో కథలు ఉచితంగా, స్థాయిల వారీగా దొరుకుతున్నాయి, ఎవరైనా ప్రింట్ తీసుకోవచ్చు. మండలానికో ప్రింటర్ పెట్టి ప్రతి తరగతికీ కథలు పంపడానికి ఏ ఏఐ అక్కర్లేదు.

విద్యాశాఖ పెద్దలకు సూటిగా చెబుతున్నాం. కొత్త యాప్ ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఒక చిన్న జీవో ఇవ్వండి: పిల్లలు చదివి చింపిన పుస్తకానికి, పోగొట్టిన పుస్తకానికి ఏ టీచరూ బాధ్యుడు కాదని. వారానికి రెండు పీరియడ్లు కథల పుస్తకాలకే కేటాయించండి, ఆ టైములో సిలబస్ జోలికి ఎవరూ పోకూడదు. ఇప్పుడు నడుస్తున్న ఏఐ ప్రయోగంలో ఏ బడిలో ఎంత మార్పొచ్చిందో బడి పేరుతో సహా బయటపెట్టండి. ఇవేవీ చేయకుండా, కొన్న పుస్తకాలను బీరువాలో బంధించి, పిల్లలకు చదవాలనే ఇష్టం లేదని వాళ్ల మీదే నెపం వేయడం మానుకోండి.