సవరణ: ప్రమాణమైంది సైఫర్ కాదు, జీక్యూఎల్

గ్రాఫ్ డేటాబేస్‌ల (సమాచారాన్ని బిందువులుగా, వాటిని కలిపే సంబంధాలుగా దాచేవి) గురించి రాసిన కిందటి పోస్టులో, వాటి నుంచి సమాచారం అడగడానికి వాడే ‘సైఫర్ భాష ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణమైంది’ అన్నాను. అది తప్పు. 2024 ఏప్రిల్‌లో ఐఎస్ఓ ప్రచురించిన భాష పేరు జీక్యూఎల్, ప్రమాణం నంబరు 39075. నియోఫోర్‌జే అనే గ్రాఫ్ డేటాబేస్‌లో పుట్టిన సైఫర్ నుంచి అది చాలానే తీసుకుంది. బాణం గుర్తులతో బొమ్మ గీసినట్టు క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) రాయడం రెండింటిలోనూ ఉంది, నేను పొరబడింది అక్కడే. అయినా రెండూ ఒకటి కావు. పాత సైఫర్ క్వెరీలన్నీ ఉన్నవి ఉన్నట్టు నడుస్తాయనుకోవద్దు.

ఇంకొకటి. మోసపు ఖాతాలు పట్టడానికి ఎస్‌క్యూఎల్ (పట్టికల డేటాబేస్‌లకు వాడే భాష) పనికిరాదని అదే పోస్టులో కొట్టిపారేశాను. ఒకే ఫోన్ నంబరున్న ఖాతాలు వెతకాలంటే ఎస్‌క్యూఎల్‌లో వరుసలను జతచేసే మామూలు జాయిన్ చాలు. డబ్బు ఎన్ని చేతులు మారిందో ముందే తెలియనప్పుడే గ్రాఫ్ సత్తా కనబడేది. పైగా 2023 ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోనే గ్రాఫ్ క్వెరీలకు ఒక భాగం చేరింది.