దొంగ గారి సౌందర్య దృష్టి

పోయిన కార్తీకంలో ఒక మంగళవారం పొద్దున సెల్లార్‌లోకి దిగేసరికి నా సైకిల్ లేదు. స్తంభం ఉంది. స్తంభానికి చుట్టిన వైర్ లాక్ తెగిపోయి చచ్చిన పాములా పడి ఉంది. పక్కన పిట్టగోడ మీద నా సైకిల్ క్యారియర్ ఉంది. దాని ముందు నాలుగు బోల్టులు, ఒక్కో బోల్టు పక్కన ఒక్కో వాషర్, ప్రమిదలు పెట్టినట్టు వరసగా. సామాను కట్టుకోవడానికి నేను క్యారియర్‌కి చుట్టి ఉంచే పాత ట్యూబు ముక్కని కూడా మడతపెట్టి దాని మీదే ఉంచాడు.

నా వస్తువుల్ని ఇంత మర్యాదగా మా ఇంట్లోవాళ్ళు కూడా ఎప్పుడూ సర్దలేదు.

ఏడవాల్సిన చోట లెక్కలు వేసే రకం నేను. ఆ వైర్ లాక్ చూడటానికి బొటనవేలంత లావు. తెగిన చోట చూస్తే లావంతా ప్లాస్టిక్కే. లోపలున్న తీగ బట్టలారేసే తీగకి దూరపు చుట్టం. కటింగ్ ప్లేయరుతో రెండు నొక్కులు నొక్కితే అయిపోయింది. క్యారియర్ అలా కాదు. దాని బోల్టులకి నాలుగు మిల్లీమీటర్ల ఆలెన్ కీ కావాలి. కింది రెండు బోల్టులూ వెనక చక్రం ఇరుసు దగ్గర బురదపట్టి బిగుసుకుపోయి ఉంటాయి. బిగించింది నేనే కాబట్టి చెబుతున్నాను, ఎంత చెయ్యి తిరిగినవాడికైనా పది నిమిషాలు పడుతుంది. అంటే దొంగ నా తాళానికి ఇచ్చిన సమయం పది సెకన్లు, క్యారియర్‌కి పది నిమిషాలు. మరి నా ఆస్తికి కాపలా కాసింది ఏది?

ఆ పిట్టగోడ దగ్గరే నాకు జ్ఞానోదయమైంది. బెంగళూరులో సైకిల్‌ని కాపాడేది తాళం కాదు, క్యారియర్. పట్టుబడతానన్న భయం దొంగకి లేదు, క్యారియర్ ఉన్న సైకిల్ మీద ఎవరికైనా కనపడతానేమోనన్న భయం ఉంది. నేను చేసిన తప్పల్లా ఊడదీయడానికి వీలున్న క్యారియర్ పెట్టించడమే.

ఈ సిద్ధాంతంతో ముందు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. ఏ స్టేషనో అనవసరం. "సైకిల్ పోయింది" అన్నాను. అక్కడి రైటర్ గారు కన్నడంలో "హోయ్తా?" అని సానుభూతిగా అడిగారు. ఇబ్బందంతా ఇక్కడే ఉంది. మన తెలుగులో 'పోయింది', వాళ్ళ కన్నడంలో 'హోయ్తు'. రెండు భాషల్లోనూ పోవడం అనే పనికి కర్త సైకిలే. దొంగ ప్రస్తావన వ్యాకరణంలోనే లేదు. నా సైకిల్ తనంతట తాను లేచి, తాళం తెంపుకొని, క్యారియర్ విప్పి పక్కన పెట్టి, ఎటో పోయిందన్నట్టే ఆయన అర్థం చేసుకున్నారు.

తర్వాత విలువ అడిగారు. కొన్నప్పుడు పద్దెనిమిది వేలు. ఇప్పుడెంత అన్నారు. ఈ ప్రశ్న చిన్నది కాదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం, పోయిన సొత్తు విలువ అయిదు వేల లోపు ఉండి, దొంగకి అది మొదటి శిక్ష అయి, సొత్తో దాని విలువో తిరిగిచ్చేస్తే, సమాజ సేవతో సరిపెడతారు. రోజూ తొక్కే సైకిళ్ళలో సెకండ్ హ్యాండ్ ధర అయిదు వేలు దాటేవి ఎన్నుంటాయి? కాబట్టి మామూలు సైకిల్ దొంగ చట్టం దృష్టిలో ఇంకా సేవ మొదలుపెట్టని సమాజ సేవకుడు. నాకు చట్టం మీద కోపం లేదు. నన్ను నెల రోజులు నడిపించినందుకు, నా నడుము కొలత తగ్గించినందుకు, ఆ సేవలో కొంత అతను ముందే చేసేశాడని కూడా ఒప్పుకుంటాను.

ఆ తర్వాత నంబరు అడిగారు. సైకిల్‌కీ నంబరుంటుంది. స్కూటర్‌కైతే ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, ఆర్సీ, ఎవరూ పీకలేని ప్లేటూ ఉంటాయి. సైకిల్ నంబరుని మాత్రం ప్యాడెళ్ళ ఇరుసుకి కింది వైపు, బురద బాగా పట్టే చోటు చూసి మరీ కొడతారు. సైకిల్‌ని తలకిందులు చేసి, గుడ్డతో తుడిచి, సెల్‌ఫోన్ లైటు వేస్తే కనిపిస్తుంది. ఇదంతా చెయ్యాలంటే ముందు సైకిల్ ఉండాలి.

జపాన్‌లో 1994 నుంచి ప్రతి సైకిల్‌నీ పోలీసుల జాబితాకెక్కించి స్టిక్కర్ అంటించాలని చట్టముంది. మనకేం తక్కువ? మా నాన్న చిన్నప్పుడు హిందూపురంలో సైకిల్‌కి ఏటా మున్సిపాలిటీ పన్ను కట్టి రేకు బిళ్ళ తెచ్చి తగిలించేవారట. బిళ్ళ లేకపోతే జరిమానా, రాత్రి లైటు లేకపోతే జరిమానా, డబుల్స్ తొక్కితే జరిమానా. సైకిల్‌ని ప్రభుత్వం అంత సీరియస్‌గా తీసుకున్న స్వర్ణయుగం అది. ఇప్పుడు మన మీద ఎవరికీ ఏ ఆశా లేదు, పన్ను కూడా అడగరు.

స్టేషన్ నుంచి వస్తూ యూ లాక్ కొన్నాను. కిలోకి పైనే బరువు. దాన్ని వెనక చక్రానికీ ఫ్రేముకీ కలిపి వేసి ఏదైనా ఇనుప కడ్డీకి బిగిస్తే రంపం తేవాల్సిందే, ప్లేయరు చాలదు. నిజంగానే మంచి తాళం, ఇందులో వ్యంగ్యం లేదు. చిక్కల్లా ఆ కడ్డీతోనే. మారతహళ్ళి నుంచి కుందలహళ్ళి గేటు దాకా కడ్డీ కోసం వెతికాను. ట్రాన్స్‌ఫార్మర్ కంచె ఉంది, ప్రాణం మీద ఆశ కొద్దీ వద్దనుకున్నాను. నో పార్కింగ్ బోర్డు గొట్టం ఉంది, పునాది లేదు, చేత్తో లాగితే వచ్చేసేలా ఉంది. నడుమెత్తు రాళ్ళున్నాయి, తాళంతో సహా సైకిల్‌ని పైకెత్తితే చాలు. 2020లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిళ్ళ కోసమే దారి గీసి కురచ స్తంభాలు పాతారు. వాటికైనా కట్టుకుందామంటే చాలాచోట్ల అవే కనిపించవు. వాటికి తాళం వేయడం మరిచిపోయినట్టున్నారు. కార్పొరేషన్ ఒకటిగా ఉన్నన్నాళ్ళూ మా వీధికి సైకిల్ స్టాండు రాలేదు. 2025లో దాన్ని అయిదు చేశారు. ఇప్పుడు అయిదు చోట్ల అర్జీ పెట్టుకునే అవకాశం దక్కింది.

పోనీ కడ్డీ దొరికిందే అనుకోండి, ముందు చక్రం సంగతి? దానికో చిన్న మీట ఉంటుంది. తిప్పితే చక్రం చేతికొస్తుంది. 1927లో ఇటలీలో ఒక పందెంలో మంచుకి వేళ్ళు కొంకర్లుపోయి చక్రం నట్లు విప్పలేక తుల్లియో కంపగ్నోలో అనే ఆయన ఓడిపోయాడనీ, ఆ కసితోనే ఈ మీట కనిపెట్టాడనీ చెబుతారు. 1930లో పేటెంట్ కూడా తీసుకున్నాడంటారు. బెంగళూరులో ఎంత చలేసినా వేళ్ళు కొంకర్లుపోయినవాళ్ళని నేను చూడలేదు. అయినా ఆయన శ్రమ వృథా కాలేదు, రాత్రి రెండింటికి చేసుకునే పనికి వేగం ముఖ్యం కదా.

వస్తువు ఎక్కడుందో ఫోన్‌లో చూపించే ఎయిర్‌ట్యాగ్ బిళ్ళని సైకిల్‌లో దాచమన్నాడు మా ఆఫీసు కుర్రాడు. అతనూ అలాగే దాచాడట. సైకిల్ ఏ వీధిలో ఉందో ఫోన్‌లో కనిపించింది. కానీ అక్కడికి వెళ్ళడానికి సైకిల్ లేదు.

ఇక మిగిలింది నా సిద్ధాంతమే. పాత క్యారియర్ చంకన పెట్టుకుని సైకిల్ షాపాయన దగ్గరికి వెళ్ళాను. మదనపల్లె మనిషి, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే షాపు. రెండేళ్ళ కింద ఈ క్యారియర్ బిగించమంటే ఆయనే అడ్డుపడ్డాడు. "వద్దు సార్, క్యారేజీ ఏస్తే లుక్కంతా పోతాది" అన్నాడు. ఇప్పుడు క్యారియర్‌ని చూసి, నన్ను చూసి, "సైకిలేది సార్?" అన్నాడు. చెప్పాను. "జూసినారా, దొంగోడికి గూడా తెల్సు" అన్నాడు. ఆ మాటలో సానుభూతి కంటే వృత్తి గర్వమే ఎక్కువ వినిపించింది.

లుక్కు బాగా పోయే సైకిల్ కావాలన్నాను. లోపల్నించి ఇరవై రెండంగుళాల నల్ల సైకిల్ తీసుకొచ్చాడు. బ్రేకులకి వైర్లు కాదు, కడ్డీలు. వెనక క్యారియర్ పుల్లలతో చేసినట్టు ఉండదు, రైల్వే వంతెనలా ఉంటుంది. నా అల్యూమినియం క్యారియర్ మీద 'గరిష్ఠం 25 కిలోలు' అని స్టిక్కరుండేది. వంటగ్యాస్ సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, బండతో కలిపితే ముప్ఫై దాకా తూగుతుంది. అలాంటివి రెండేసి మోసిన జాతి ఇది. దీని మీద ఏ స్టిక్కరూ లేదు. ఈ జాతి సైకిళ్ళు చేసిన అట్లాస్ వాళ్ళ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం. ఇంతకు మించిన వ్యంగ్యం నా వల్ల కాదు, ముందుకెళదాం.

"క్యారియర్‌ని ఫ్రేముకి వెల్డింగ్ చేయించు" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "సార్, ఇంట్లో అంతా బాగుండారు గదా?" అని అడిగాడు.

రెండు వేల ఎనిమిది వందలకి సైకిల్, పైన వెల్డింగ్ కూలి. క్యారియర్ మీద ప్లాస్టిక్ బుట్ట, బుట్టకి పాత ట్యూబు ముక్క, హ్యాండిల్‌కి గోనెసంచి. దీనికి నేను పెట్టిన శాస్త్రీయ నామం వికారీకరణ. ఆరు నెలలైంది, తాళం వెయ్యడం మరిచిపోయిన రాత్రులు కూడా ఉన్నాయి. ఉన్నచోటే ఉంది.

మా అపార్ట్‌మెంట్ వాళ్ళకి మాత్రం నా సిద్ధాంతం నచ్చలేదు. సైకిల్ పోయిన రోజు వాట్సాప్ గ్రూపులో పెద్ద చర్చే నడిచింది. సెల్లార్‌లో ఒక కెమెరా ఉంది, అది సెక్రటరీ గారి కారుని మాత్రమే చూస్తుందని అప్పుడే తెలిసింది. కమిటీ అత్యవసరంగా కూర్చుని, దొంగతనాల నివారణకి ఒక తీర్మానం చేసింది: ఇక మీదట సెల్లార్‌లో సైకిళ్ళు పెట్టరాదు. సైకిల్ లేని చోట సైకిల్ దొంగతనం జరగదు. తర్కంలో లోపం పట్టుకోవడానికి చాలా ప్రయత్నించాను, దొరకలేదు.

నాలుగో అంతస్తులో ఒకాయనకి లక్షన్నర పెట్టి కొన్న కార్బన్ సైకిల్ ఉంది. హాల్లో గోడకి, పెళ్ళి ఫోటో పక్కన వేలాడుతుంటుంది. ఆదివారం తెల్లవారుజామున దాన్ని కారు మీదికెక్కించి నంది హిల్స్ దాకా తీసుకెళ్ళి, అక్కడ తొక్కి, మళ్ళీ కారెక్కించి తెస్తారు. నా సైకిల్‌కి క్యారియర్ ఉందని ఆయన జాలిపడతారు. ఆయన క్యారియర్ కారుకి ఉంది. సైకిల్ మీద బరువు మోయడం నామోషీ, సైకిల్‌ని బరువుగా మోయడం హాబీ.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, చెప్పకుండా ఉంటే బాగుండేది. నా సైకిల్ కంటే రెండు నెలల ముందు, మా మూడు బ్లాకులకీ పేపర్లు వేసే కుర్రాడి సైకిల్ పోయింది. మా గేటు ముందే. నాలుగు రోజులు పేపర్ రాలేదు. గ్రూపులో అప్పుడూ చర్చ జరిగింది. 'పేపర్ ఎందుకు రావడం లేదు', 'ఏజెంటును మార్చండి', 'బిల్లులో నాలుగు రోజులు తగ్గించండి' అని. చివరి దానికి పద్నాలుగు మంది బొటనవేలు ఎత్తారు. ఎవరెత్తారో పేర్లు కనిపిస్తాయి. పదకొండో పేరు నాది. అయిదో రోజు నుంచి పేపర్ వచ్చింది. ఆ కుర్రాడు భుజాన సంచితో నడిచి వేస్తున్నాడని నేను గమనించింది, నేనూ నడవడం మొదలుపెట్టాక.

అతని సైకిల్‌కి క్యారియర్ ఉండేది. నా సిద్ధాంతానికి ఇది పెద్ద దెబ్బే. దొంగల్లోనూ అవసరం కొద్దీ పనిచేసేవాళ్ళుంటారనీ, వాళ్ళకి లుక్కు పట్టదనీ సవరణ రాసుకున్నాను. మనకి పదకొండో బొటనవేలు ఎంత మామూలో, వాళ్ళకి అదీ అంతే అయి ఉంటుంది.

పోయిన ఆదివారం వైట్‌ఫీల్డ్‌లో ఉండే స్నేహితుడు భోజనానికి పిలిచాడు. నల్ల సైకిల్ మీదే వెళ్ళాను. బుట్టలో అరటిపళ్ళు, మా ఆవిడ పంపిన గోంగూర పచ్చడి సీసా. గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి రాయదుర్గం వాడు, నా తెలుగు విని వెంటనే తెలుగులోకి దిగాడు. రిజిస్టర్ తెరిచాడు.

"ఏ ఫ్లాటు?"

"బీ బ్లాక్, 704."

"ఏం పని మీదన్నా?"

"భోజనానికి."

'ఫుడ్ డెలివరీ' అని రాసుకున్నాడు. సంతకం పెట్టాను. సర్వీస్ లిఫ్టు వెనకవైపు ఉందని చూపించాడు. నేను సంచిలోంచి యూ లాక్ తీసి కడ్డీ కోసం అటూ ఇటూ చూస్తుంటే, సైకిల్ వంకా తాళం వంకా ఒకసారి చూసి నవ్వాడు.

"ఈడ్నే గోడకి ఆనిచ్చి పో అన్నా. దాన్నెవరెత్తుకపోతారు!"