ప్రత్యర్థి కావలెను

మా గ్రూపులో 212 మందిమి ఉన్నాం, అభిప్రాయం మాత్రం ఒక్కటే. దాన్ని రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు పోస్టు చేస్తారు, మిగతా 211 మందిమి బొటనవేలు చూపించి ఎవరి పనికి వాళ్లం పోతాం. ఇంత సుభిక్షంగా సాగుతున్న రాజ్యంలో కిందటి వారం అడ్మిన్ గారు ఎక్కడో 'ఎకో చాంబర్' అన్న మాట చదివారు. మన అరుపు మనకే తిరిగి వినబడే గది అట. ఆయనకు టెన్షన్ పట్టుకుంది. వెంటనే ప్రకటన: "ఇకపై భిన్నాభిప్రాయాలకు స్వాగతం. దీంతో ఏకీభవించని వారిని తొలగిస్తాం."

స్వాగతం పలికితే సరిపోదు, వచ్చేవాడుండాలి కదా. ఎవరూ రాలేదు. అందుకని 'అధికార ప్రత్యర్థి' అనే పదవి పుట్టింది. నవ్వకండి, దీనికి చరిత్ర ఉంది. ఒకరిని సెయింటుగా ప్రకటించే ముందు వాళ్ల లోపాలు తవ్వి తీయడానికి కేథలిక్ చర్చి 1587లోనే ఒక అధికారిని పెట్టుకుంది. సైతాను తరఫు వకీలన్న పేరు ఆయనదే. 1983లో రెండో జాన్ పాల్ పోపు ఆ పదవికి కత్తెర వేశారు. అక్కడ ఖాళీ అయిన కొలువు మాకు దక్కిందన్నమాట.

పని వేళలు రాత్రి 8 నుంచి 8.15 వరకు. మొదటి రోజు వంతు వచ్చినాయన గొంతు సవరించుకున్నాడు. "అడ్మిన్ గారి మాట నూటికి నూరుపాళ్లు నిజమనడాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. నూటపది పాళ్లు నిజం." ఇక చూడండి, 211 చప్పట్లు! "ఏం తెగువండీ!" అన్నారొకరు. రెండో రోజాయన ఇంకాస్త సాహసించి ఒక అక్షరదోషం పట్టుకున్నాడు. దుమారం లేచింది. 8.07కే క్షమాపణ చెప్పి, మిగిలిన ఎనిమిది నిమిషాలూ మౌనం పాటించాడు. మూడో రోజు వంతువాడు సెలవుచీటీ పంపాడు.

నేనూ ఊరుకోలేదు. 2015లో తైవాన్‌లో ఉబర్ వివాదం మీద జనాభిప్రాయం తెలుసుకోవడానికి వాడిన 'పోలిస్' అనే ఆన్‌లైన్ వేదికలో జవాబు బటనే లేదని, దాంతో రెండు పక్షాలూ ఒప్పుకునే మాటలు పైకి తేలాయని చెప్పాను. "జవాబు లేకపోతే తిట్టేదెలా?" అన్నారు. న్యాయమే.

నాలుగో రోజు, వంతు కాకుండానే ఒకాయన నోరు విప్పాడు. ఎవరో పంపిన అల్లర్ల ఫోటో కింద "ఇది పాతదండీ, వేరే దేశానిది" అని రాసి, అసలు వార్త లింకు కూడా పెట్టాడు. అప్పుడు మధ్యాహ్నం మూడు. విభేదించే వేళ కాదు. పది నిమిషాల్లో ఆయన ఎవరి మనిషో తేల్చేశారు, తిట్లలోకి ఇంట్లోవాళ్లను లాగారు. పదకొండో నిమిషానికి ఆయన లేడు.

ఆ లింకులో ఏముందని ఒక్కరు అడగలేదు. ఒక్కరు! నిజం చెప్పినవాణ్ని గెంటేసి, అబద్ధాన్ని ఇంకో నాలుగు గ్రూపులకు పంచి, దానికి ప్రశాంతత అని పేరు పెట్టుకుంటారా? సిగ్గుండక్కర్లా? పైగా నేరమంతా అల్గారిథమ్‌దట, అంటే ఏ పోస్టు పైకి రావాలో తేల్చే లెక్కది. దాని పాపం దానికుంది. 2017లో ఫేస్‌బుక్ ఆ లెక్కలో కోపం బొమ్మతో సహా ఎమోజీలకు లైకు కంటే 5 రెట్లు బరువిచ్చింది, కోపం విలువను సున్నాకు దించడానికి 2020 దాకా పట్టింది. కానీ మా గ్రూపులో అల్గారిథమ్ ఎక్కడుందండీ? మెసేజీలు వచ్చిన వరసలోనే కనబడతాయి. గెంటింది మనుషులు.

సాయంత్రం అడ్మిన్ గారు వివరణ ఇచ్చారు: "భిన్నాభిప్రాయాలను కాపాడుకోవడానికి ఈ చర్య తప్పలేదు." ఇప్పుడు 211 మందిమి మిగిలాం. అడ్మిన్ గారిని పక్కన పెడితే 210. దాని కింద బొటనవేళ్లు లెక్కపెట్టాను.

210.