ఏ మందు, ఏ నిమిషంలో?

‘పోయినసారి ఆపరేషన్‌లో మత్తు పడలేదన్నారు’. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ అడిగినప్పుడు చాలామంది చెప్పగలిగేది ఈ ఒక్క మాటే. పడనిది ఏ మందో అందులో లేదు. దద్దుర్లు వచ్చాయా, బీపీ పడిపోయిందా, వాంతులు మాత్రమే అయ్యాయా అన్నదీ లేదు. డిశ్చార్జి సమ్మరీ తిరగేస్తే ‘డ్రగ్ అలర్జీ’ అన్న రెండు ముక్కలు కనిపిస్తాయి, ఒక్కోసారి అవీ ఉండవు. థియేటర్‌లోగానీ ఐసీయూలోగానీ మందు వికటించిన ప్రతి రోగికీ ఏ మందు, ఏ తేదీన, ఏ నిమిషంలో, ఏం చేసిందో రాసిచ్చి పంపడం ఆస్పత్రి విధి కావాలని మేము కోరుతున్నాం.

మత్తు ఇచ్చే ఘడియ ఎలా ఉంటుందో చూస్తే ఈ కోరిక ఎందుకో తెలుస్తుంది. యాంటీబయాటిక్, నొప్పి తెలియకుండా ఫెంటానిల్, నిద్రపుచ్చే ప్రొపొఫాల్, కండరాలను సడలించే రోక్యురోనియం లేదా సక్సామిథోనియం.. అన్నీ మూడు నాలుగు నిమిషాల్లో ఒకే సెలైన్ గొట్టంలోంచి వెళ్తాయి. చర్మం మీద క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ పూస్తారు. పెద్ద నరంలోకి వేసే గొట్టం (సెంట్రల్ లైన్) పూతలో, మూత్రపు గొట్టానికి రాసే జెల్‌లో కూడా అదే ఉండొచ్చు. యాంటీబయాటిక్, కండరాల మందు వికటిస్తే చాలావరకు 5 నిమిషాల్లోపే తెలిసిపోతుంది. క్లోర్‌హెక్సిడిన్ నింపాదిగా బయటపడుతుంది. అందుకే నిమిషం రాయాలంటున్నాం. వేళ తెలియకపోతే ఐదు మందుల్లో దోషి ఎవరో తేల్చడం దాదాపు అసాధ్యం. వీలైనప్పుడు యాంటీబయాటిక్‌ను మత్తుకు కొన్ని నిమిషాల ముందే, రోగి మెలకువగా ఉండగానే ఇస్తే ఈ చిక్కు సగం విడిపోతుంది.

బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ అనస్థటిస్ట్స్ 2018లో ప్రచురించిన జాతీయ నివేదిక ప్రకారం సుమారు 10 వేల మత్తులకు ఒకటి చొప్పున ప్రాణాంతక అలర్జీ వస్తోంది. దాదాపు సగం కేసుల్లో యాంటీబయాటిక్, మూడో వంతులో కండరాలు సడలించే మందు కారణమని తేలింది. అరుదే, కానీ వచ్చినప్పుడు పోల్చుకోవడం కష్టం. నిద్రలో ఉన్న మనిషి దురద అనలేడు, ఊపిరాడటం లేదని చెప్పలేడు. ఒళ్లంతా పచ్చటి గుడ్డల కింద ఉంటుంది గనుక దద్దుర్లు కంటపడవు. మొదట కనిపించేది తరచూ బీపీ పడిపోవడమే. అది ప్రొపొఫాల్ ప్రభావమేలే అనుకునే ప్రమాదం ఉంది. అప్పుడు మానిటర్ మీద ఊపిరితో బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ గీతను చూడాలి. అదీ కిందికి జారుతోందంటే ఊపిరితిత్తులకు రక్తం చేరడం లేదన్నమాట.

అక్కడ మొదటి మందు అడ్రినలిన్. పెద్దవారికి నరంలోకైతే 50 మైక్రోగ్రాములు, అంటే 10 వేలకు ఒకటి ద్రావణంలో అర మిల్లీలీటరు. చాలకపోతే మళ్లీ మళ్లీ ఇవ్వాలి, మూడు దఫాలకూ లొంగకపోతే ఇన్ఫ్యూజన్‌గా, అంటే ఆగకుండా చుక్కలుగా నడపాలి. నరం దొరకకపోతే కండరంలోకి 500 మైక్రోగ్రాములు, వెయ్యికి ఒకటి ద్రావణంలో అర మిల్లీలీటరు. ఈ రెండు ద్రావణాల మధ్య తేడా పది రెట్లు. హడావిడిలో ఒకదాని బదులు ఇంకోటి నరంలోకి పోతే గుండె లయ తప్పుతుంది. రక్తనాళాల నుంచి నీరు బయటికి కారిపోతుంటుంది కాబట్టి సెలైన్ 500 నుంచి 1000 మిల్లీలీటర్ల దాకా వేగంగా ఎక్కించాలి. పై బీపీ 50 కన్నా దిగితే, నాడి అందుతున్నా ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. ముందు అవిల్, హైడ్రోకార్టిసోన్ వేసి చూద్దామని ఆగితే పోయేది ప్రాణాన్ని నిలిపే నిమిషాలే.

రోగి గట్టెక్కాక అందరూ మరిచిపోయేది రక్త నమూనా. అలర్జీలో మాస్ట్ కణాలనే రక్షణ కణాలు విడుదల చేసే ట్రిప్టేజ్ అనే ఎంజైమ్ రక్తంలో సుమారు రెండు గంటల్లో సగానికి తగ్గిపోతుంది. అందుకే కుదుటపడగానే ఒకటి, గంట రెండు గంటలకు ఒకటి, 24 గంటలు దాటాక మరొకటి తీయాలి. ఆఖరిది ఆ మనిషి మామూలు స్థాయి. దాన్ని 1.2తో హెచ్చించి 2 కలిపితే వచ్చే అంకెను తొలి నమూనాల్లో ఏదైనా దాటిందంటే అలర్జీ జరిగినట్టే. పడనిది ఏ మందో తేల్చడానికి నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత చేసే చర్మ పరీక్షకు ఇది, ఇచ్చిన మందుల పూర్తి జాబితా రెండూ కావాలి.

తప్పుడు ముద్ర చేసే చేటు కూడా చిన్నది కాదు. పెన్సిలిన్ పడదని రాసి ఉన్న పదిమందిలో తొమ్మిదిమందికి పరీక్షిస్తే ఆ మందు పడుతుంది. చిన్నప్పటి జ్వరపు దద్దుర్లో, విరేచనాలో అలర్జీగా నమోదై ఉంటాయి. అలాంటివారికి బదులుగా టైకోప్లానిన్ అనే మరో యాంటీబయాటిక్ ఇస్తారు. పైన చెప్పిన నివేదికలోనే టైకోప్లానిన్‌తో ప్రాణాంతక అలర్జీ లక్ష మందికి 16.4గా, పెన్సిలిన్ జాతి కో-అమాక్సిక్లావ్‌తో 8.7గా తేలింది. లేని ముప్పు తప్పించబోయి రోగిని ఉన్న ముప్పులోకి నెడుతున్నాం.

ఐసీయూ సంగతికొస్తే, అలర్జీ అన్న పేరుకే నోచుకోని ప్రమాదం ఒకటుంది. మంచం పట్టినవారి కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, కొందరిలో గడ్డలే కట్టిస్తుంది. ప్లేట్‌లెట్లు విడుదల చేసే ఒక ప్రొటీన్‌తో హెపారిన్ జతకట్టగా, ఆ జంట మీద శరీరం యాంటీబాడీలు తయారు చేస్తుంది. అవి ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టడంతో కౌంటు పడిపోతుంది, గడ్డలు పుడతాయి. మందు మొదలైన 5 నుంచి 10 రోజుల మధ్య ఇది బయటపడుతుంది. గత నెలలోనే హెపారిన్ తీసుకున్నవారిలో ఒక్క రోజులోనే రావచ్చు.

ఇది కంటపడకుండా దాటిపోయే తీరు చూడండి. చేరిన రోజు ప్లేట్‌లెట్లు 3.5 లక్షలు, ఏడో రోజు 1.6 లక్షలు. ల్యాబ్ రిపోర్టులో ఎర్ర గుర్తు పడదు, ఎందుకంటే లక్షన్నర దాటితే నార్మలే. కానీ సగానికి పైగా పడిపోయింది. చూడాల్సింది ఆ పడిపోవడాన్ని. నాలుగో రోజు నుంచి రెండు మూడు రోజులకోసారి కౌంటు చూస్తూ, మొదటి అంకె పక్కనే రాయాలి. అనుమానం గట్టిపడితే హెపారిన్ అన్ని రూపాల్లో ఆపాలి. ఇంజెక్షన్ ఆపి, లైన్ కడిగే సిరంజిలో, డయాలిసిస్ గొట్టాల్లో, కేథటర్ పూతలో వదిలేయడమే తరచూ జరిగే పొరపాటు. ఆపి ఊరుకున్నా చాలదు. గడ్డకట్టనివ్వని మరో మందు ఇవ్వకపోతే దాదాపు సగం మందిలో గడ్డలు వస్తాయి గనుక ఆర్గట్రోబాన్‌నో, ఫోండాపరినక్స్‌నో మొదలుపెట్టాలి. కౌంటు లక్షన్నర చేరేదాకా, గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర వార్ఫరిన్ జోలికి పోకూడదు. తొందరపడితే కాలికో చేతికో కుళ్లు పట్టే ప్రమాదముంది.

హెపారిన్‌ను భయపెట్టే మందుగా చిత్రించడం మా ఉద్దేశం కాదు. అది లేకపోతే ఊపిరితిత్తుల్లో గడ్డ అడ్డుపడి చనిపోయేవారు ఇంకా ఎక్కువ. ఐసీయూలో ప్లేట్‌లెట్లు తగ్గడానికి ఇన్‌ఫెక్షన్, రక్తస్రావం వంటి కారణాలే ఎక్కువ కాబట్టి అంచనా వేయకుండా, యాంటీబాడీ పరీక్ష చేయకుండా ముద్ర వేయడమూ తప్పే. పైగా ఇక్కడ తేదీకి ప్రత్యేకమైన విలువ ఉంది. ఆ యాంటీబాడీలు సాధారణంగా 100 రోజుల్లో మాయమవుతాయి. అవి లేవని పరీక్షలో తేలితే, తర్వాతెప్పుడో గుండె ఆపరేషన్ అవసరమైనప్పుడు ఆ కొద్ది గంటలకు హెపారిన్ వాడే వీలుంది. తేదీ రాయని సమ్మరీ ఆ సర్జన్‌కు ఏమీ చెప్పదు.

కావలసింది ఒక్క పేజీ. ఇచ్చిన మందులన్నీ వేళతో సహా, యాంటీసెప్టిక్, జెల్, కేథటర్ కూడా కలిపి. మొదట కనిపించిన లక్షణం, బీపీ ఎంతకు దిగింది, అడ్రినలిన్ ఎంత పట్టింది. ట్రిప్టేజ్ అంకెలు. హెపారిన్ అయితే ప్లేట్‌లెట్లు ఏ రోజు ఎంత, యాంటీబాడీ పరీక్ష ఫలితం. పరీక్షకు ఎక్కడికి, ఎప్పుడు వెళ్లాలి, అప్పటిదాకా ఏవి వాడకూడదు. దీన్ని మత్తు డాక్టరే రాసి సంతకం చేయాలి. ఒక ప్రతి కేస్ షీట్‌లో, ఒకటి కుటుంబ వైద్యుడికి, ఒకటి రోగి చేతికి. డిశ్చార్జి రోజున బిల్లుతో పాటు ఈ కాగితం అందిందా అని ఇంటివారు అడగాలి, అందకపోతే అది వచ్చేదాకా కౌంటర్ దగ్గరే ఆగాలి.