కర్బనాన్నీ నత్రజనినీ విడదీసి చెబితే సయనోబ్యాక్టీరియా అర్థం కాదు

నేను డిగ్రీ చదివినప్పుడు కిరణజన్య సంయోగక్రియ ఒక యూనిట్‌లో, నత్రజని జీవక్రియ మరో యూనిట్‌లో ఉండేవి. ఆ రెండూ ఒకే కణంలో ఒకదాన్నొకటి కనిపెట్టుకుని నడుస్తాయని తరగతిలో ఎవరూ చెప్పలేదు. అది ఎంత పెద్ద లోటో తర్వాత ప్రయోగశాలలో తెలిసింది. సినెకోసిస్టిస్ అనే సయనోబ్యాక్టీరియా (నీలి ఆకుపచ్చ శైవలం) కల్చర్‌ను, నత్రజని అందించే నైట్రేట్ లేని ద్రావణంలోకి మార్చి వెలుతురులో ఉంచాం. ముదురు పచ్చగా ఉన్నది రోజురోజుకీ పాలిపోయి, చివరికి పండుటాకు రంగుకు తిరిగింది. చచ్చిపోయిందనే అనుకున్నాను. నైట్రేట్ కలిపితే రెండు రోజుల్లో మళ్లీ పచ్చబడింది.

ఆ కణానికి నత్రజని కరవు తెలిసే తీరు చూస్తే నాకు ఇప్పటికీ అబ్బురమే. అమ్మోనియాను అమైనో ఆమ్లాల్లోకి చేర్చుకోవడానికి 2-ఆక్సోగ్లూటరేట్ అనే కర్బన చట్రం కావాలి. నత్రజని ఉన్నంతకాలం అది ఖర్చవుతూ ఉంటుంది, లేనప్పుడు పేరుకుపోతుంది. అంటే కర్బనానికీ నత్రజనికీ పొత్తు కుదిరిందా లేదా అన్నది ఆ ఒక్క అణువు మోతాదే చెబుతుంది. ఆ మోతాదును గుర్తించేది పీటూ అనే ప్రోటీన్. మూడు ఒకే రకం ఉపభాగాలు కలిసి ఏర్పడిన ఈ చిన్న ప్రోటీన్ కణానికి శక్తినిచ్చే ఏటీపీనీ, అది ఖర్చయ్యాక మిగిలే ఏడీపీనీ కూడా పట్టుకుంటుంది కనుక కణంలోని శక్తి స్థితి కూడా దానికి తెలుస్తుంది.

నత్రజని సమృద్ధిగా ఉన్నప్పుడు పీటూ ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం తయారీకి కీలకమైన ఎంజైమును అంటిపెట్టుకుని దాని పని పెంచుతుంది. పిప్‌ఎక్స్, పిర్‌సీ అనే మరో రెండు చిన్న ప్రోటీన్లను తన దగ్గరే ఆపి ఉంచుతుంది. కరవు వచ్చి 2-ఆక్సోగ్లూటరేట్ పెరిగితే వాటిని వదిలేస్తుంది. పిప్‌ఎక్స్ వెళ్లి ఎన్‌టీసీఏ అనే నియంత్రకంతో కలిసి నత్రజని సేకరణకు కావలసిన జన్యువులను మేల్కొలుపుతుంది. పిర్‌సీ మాత్రం కర్బనం వైపు వెళ్లి, ఫాస్ఫోగ్లిసరేట్ మ్యూటేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. దాంతో అప్పుడే స్థాపించిన కర్బనం తర్వాతి చర్యల్లోకి పారకుండా గ్లైకోజెన్‌గా నిల్వ అవుతుంది. ఆ పాలిపోయిన ఫ్లాస్కు మళ్లీ లేవడానికి ఆధారం ఆ నిల్వే. పిర్‌సీ సంగతి జర్మనీలోని ట్యూబింగెన్ పరిశోధకులు 2021లో ప్రచురించారు; పాఠ్యపుస్తకాల్లోకి రావలసిన విషయం ఇది.

మనకు ఇది దూరపు సంగతి కాదు. వరి మడిలో నీలి ఆకుపచ్చ శైవలాలు గాలిలోని నత్రజనిని స్థాపిస్తాయని (వాడుకోదగ్గ రూపంలోకి మారుస్తాయని) శాస్త్రవేత్త పి.కె. డే 1939లోనే చూపించారు. ఆ నాచును జీవన ఎరువుగా వాడమని చెప్పేవారు, యూరియా దండిగా వేసిన మడిలో అది ఆశించినంత నత్రజని ఎందుకు ఇవ్వదో కూడా రైతుకు చెప్పాలి. యూరియా నుంచి వచ్చే అమ్మోనియా అందుబాటులో ఉంటే 2-ఆక్సోగ్లూటరేట్ పెరగదు, ఎన్‌టీసీఏ మేల్కొనదు, నత్రజనిని స్థాపించే హెటిరోసిస్టులనే ప్రత్యేక కణాలు ఏర్పడవు.

డిగ్రీ కళాశాలలో మామూలు సూక్ష్మదర్శినితోనే దీన్ని చూపించవచ్చు. అమ్మోనియాలో పెంచిన అనబీనా అనే సయనోబ్యాక్టీరియా గొలుసులో కణాలన్నీ ఒకేలా ఉంటాయి. అమ్మోనియా తీసేసిన మర్నాడు చూస్తే, సుమారు పది ఇరవై కణాలకు ఒకటి చొప్పున, మందమైన గోడతో, లేత రంగులో హెటిరోసిస్టులు కనిపిస్తాయి.