గేటుకు మగ్గం, మూలకు నేతన్న

చెన్నైలో మొన్న ముగిసిన వస్త్ర వాణిజ్య ప్రదర్శనలో ముఖద్వారమంతా చేనేతే. థర్మాకోల్ మగ్గం, రాట్నం తిప్పుతున్న అవ్వ నిలువెత్తు ఫొటో, దాని ముందు సెల్ఫీల క్యూ. మరి నేతగాళ్లు ఎక్కడయ్యా అంటే హాలు చివర, ఫుడ్ కోర్టు దాటాక, టాయిలెట్లకు వెళ్లే దారిలో. పోచంపల్లి, వెంకటగిరి, ఉప్పాడ నుంచి మూటలు మోసుకొచ్చినవాళ్లకు దక్కిన చోటు అది.

ముందు వరసకు అద్దె ఎక్కువ, కట్టగలిగినవాళ్లకే ఇస్తామని నిర్వాహకులు అంటున్నారు. అద్దెలు రాకుండా ప్రదర్శన నడవదు, ఒప్పుకుంటాం. కానీ నేతన్న బొమ్మను గేటుకు కట్టి జనాన్ని పిలిచారే, దానికి అద్దె ఎవరు కట్టారు?

స్టాల్ సంగతి చూడండి. మూడు మీటర్లకు మూడు మీటర్లు, రెండున్నర మీటర్ల ఎత్తు ప్యానెళ్లు. జిప్పులు అమ్మేవాడికీ పట్టు నేసేవాడికీ అదే డబ్బా. చీర పొడవు ఐదున్నర మీటర్లు. పరిస్తే సగం జనం నడిచే దారిలోకి వస్తుంది, వేలాడదీస్తే నేల మీద కుప్ప పడుతుంది. ఇక్కత్, అంటే దారానికి ముందే రంగులద్ది నేసే డిజైను, నిజంగా నేసిందో, అచ్చు వేసిందో తేల్చాలంటే తిరగేసి చూపించాలి. నేసినదైతే డిజైను రెండు వైపులా ఒకేలా ఉంటుంది, ప్రింటుదైతే వెనక వెలిసినట్టు కనిపిస్తుంది. అది చూపించడానికి పొడవాటి బల్ల, తెల్లటి లైటు ఉండాలి. వీళ్లకు ఇచ్చింది ఒక ప్లాస్టిక్ టేబుల్, రెండు పసుపు స్పాట్‌లైట్లు. ఆ వెలుతురులో ముదురు నీలానికీ నలుపుకూ తేడా తెలియదు. ముందు వరసలో మాత్రం అదే ఇక్కత్ డిజైను అచ్చేసిన చీరలు పట్టపగలు లాంటి వెలుగులో తళతళలాడాయి. గేటు మీది మగ్గం ఎవరి సరుకు అమ్మిపెట్టిందో వేరే చెప్పాలా?

జాతీయ చేనేత దినోత్సవం 2015 ఆగస్టు 7న మొదలైంది ఈ నగరంలోనే. అప్పటినుంచి ఏటా దండలకూ ఉపన్యాసాలకూ కొదవ లేదు. 1734లో ఈస్టిండియా కుంపిణీ వాళ్లు ఇదే నగరంలో నేతపనివాళ్ల కోసం చింతాద్రిపేట కట్టించారు. లాభం కోసమేలెండి, ప్రేమతో కాదు. అయినా నేసేవాడికి చోటు కావాలన్న ఇంగితం వాళ్లకుంది. మన నిర్వాహకులకు నేతన్న పోస్టరు మీద కావాలి, ప్రారంభోత్సవంలో జ్యోతి పక్కన కావాలి, లేఅవుట్‌లో మాత్రం అక్కర్లేదు.

వచ్చే ఏడాది ప్లాను గీసే ముందు ఒక నేతగాణ్ణి పిలిచి, చీర పరిపించి, కొలుచుకోండి. మీ దగ్గర టేపు లేకపోతే చెప్పండి, మేమే కొని పంపిస్తాం.