బందరు నుంచి బదిలీపై వెళ్లినవి

చెన్నైలో ఉన్న మనవాళ్లు నొచ్చుకున్నా సరే, ఒక చారిత్రక సత్యం చెప్పక తప్పదు. ఆ మహానగరం మా బందరుకు బ్రాంచి ఆఫీసు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్ల ‘గ్లోబ్’ ఓడ 1611లో మచిలీపట్నం, అంటే మా బందరే, వచ్చింది. వాళ్లు ఇక్కడ కొఠీ (వర్తక కేంద్రం) పెట్టుకుని, దాదాపు ముప్పయ్యేళ్లపాటు అద్దకం బట్టలు కొని, గోల్కొండ సుల్తాను అధికారులకు సలాములు కొట్టి వ్యాపారం నేర్చుకున్నారు. నేర్చుకున్నాక 1639లో మద్రాసులో కాస్త చోటు సంపాదించారు. 1641లో కోరమాండల్ తీరపు పెద్దాఫీసును అక్కడికి ఎత్తుకుపోయారు. ఆ బదిలీ మీద బందరు అభ్యంతరం ఈనాటికీ పెండింగులోనే ఉంది.

ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం చేసేంత తొందర నాకు లేదు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923 నవంబరులో ఆంధ్రా బ్యాంకును పెట్టింది బందరులోనే. బ్యాంకు ఎదిగింది, హైదరాబాదు వెళ్లింది, చివరికి 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. (తారీఖు మీద వ్యాఖ్యానించడం మర్యాద కాదు.) పింగళి వెంకయ్యగారు పుట్టింది దగ్గర్లోని భట్లపెనుమర్రులో, పనిచేసింది బందరు జాతీయ కళాశాలలో. తీరా జెండాను 1921లో గాంధీగారికి చూపించింది బెజవాడలో. బందరులో ఆలోచించి బెజవాడ వెళ్లి చూపించే ఆనవాయితీ అప్పుడే మొదలైందని నా అనుమానం.

బెజవాడ ప్రస్తావన వచ్చింది కనుక రోడ్డు సంగతి కూడా తేల్చేద్దాం. బందరు రోడ్డు అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది విజయవాడ నడిబొడ్డు. దానికి మహాత్మాగాంధీ పేరు పెట్టినా జనం పట్టించుకోలేదు. కాలువ పేరు చూద్దామా అంటే అదీ బందరు కాలువే. అంటే బందరు పేరుతో ఉన్న స్థిరాస్తుల్లో ఖరీదైన భాగం బెజవాడలో ఉంది, మిగతాది మా దగ్గరుంది. పుణెలో బయల్దేరిన 65వ నంబరు జాతీయ రహదారి కూడా హైదరాబాదు, బెజవాడ చూసుకుని మా ఊళ్లో ఆగిపోతుంది. రైలు పట్టాలూ అంతే. రేపల్లెకు లైను వేయమని అడగడం మా ఊళ్లో తాతలు మనవలకు రాసిచ్చే ఆస్తి. అయితే ప్రయాణికులకు ఒక సుఖం ఉంది. బందరు స్టేషన్లో ఎటువైపు రైలు ఎక్కాలో అన్న టెన్షన్ ఉండదు. ఉన్నది ఒకటే వైపు.

ఇక మా ఊరికి వచ్చినవాళ్ల గురించి. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుల పుస్తకం పెరిప్లస్‌లోనే ‘మసాలియా’ అన్న సీమ, అక్కడి సన్నబట్టలు కనిపిస్తాయి. పదిహేడో శతాబ్దానికి గోల్కొండ రాజ్యానికి ఇదే పెద్ద రేవు. డచ్చివాళ్లు ముందొచ్చారు, వెనకాలే ఇంగ్లీషువాళ్లు, తర్వాత ఫ్రెంచివాళ్లు. ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే వచ్చి, బంగాళాఖాతంలో ఇంతకంటే మంచి లంగరు చోటు లేదని రాశాడు. రాసిన చేత్తోనే ఊళ్లో ఇళ్లన్నీ కర్రతో కట్టినవని వంక పెట్టాడు. అప్పటినుంచీ బందరు గురించి రాసే ప్రతివాడూ ఇదే పద్ధతి పాటిస్తున్నాడు: సముద్రానికి పొగడ్త, ఊరికి వంక. నేనూ అదే చేస్తున్నాననుకోండి.

ఇక్కడ చరిత్రకారులు దాటేసే చిన్న చిక్కు ఒకటుంది. ఆ మేలైన లంగరు చోటు ఒడ్డుకు మైళ్ల దూరంలో ఉంది. మా తీరంలో నీళ్లు లోతు తక్కువ, బురద ఎక్కువ. పెద్ద ఓడ దగ్గరికి రాలేదు. మరి పెడన వైపు అద్దకం బట్టలు పర్షియా దాకా ఎలా వెళ్లాయి? కంపెనీ దొర పెట్టె, కుర్చీ, సారా సీసాలు ఒడ్డుకు ఎలా చేరాయి? దొరే ఎలా చేరాడు? చిన్న పడవల మీద చేరాడు. మేకు అన్నది లేకుండా పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టి చేసిన పడవలు ఈ తీరమంతా ఉండేవి. కెరటం కొడితే విరగవు, ఒళ్లు వంచి సర్దుకుంటాయి. ఇంగ్లీషువాళ్లు తమ రాతల్లో వాటిని మసూలా పడవలన్నారు. పడవ మీద పేజీలకు పేజీలు రాశారు. తెడ్డు వేసినవాళ్లను కూడా మరిచిపోలేదు, కూలి ఎక్కువ అడుగుతున్నారని రాశారు.

నా వాదన మొత్తం ఈ తెడ్డు దగ్గరే ఉంది. అంతర్జాతీయ వాణిజ్యం అని మనం గర్వంగా చెప్పుకునేదంతా చివరి కొన్ని మైళ్లు పల్లెకారుల, అంటే మత్స్యకారుల, భుజాల మీద నడిచింది. ఆ కొన్ని మైళ్లూ లేకపోతే ఓడకీ ఒడ్డుకీ చుట్టరికం లేదు. కానీ మా ఊరి చరిత్ర ఉపన్యాసాల్లో ఓడ పేరు ఉంటుంది, కెప్టెన్ పేరు ఉంటుంది, కొఠీ తెరిచిన సంవత్సరం ఉంటుంది. తెడ్డు వేసినవాడి పేరుండదు. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ గాజులాంటిదే మా చరిత్ర కూడా: లోపల రాగి, పైన సన్నటి బంగారు పూత. మెరిసేది పూత, బరువు మోసేది రాగి.

1759 ఏప్రిల్లో కర్నల్ ఫోర్డ్ రాత్రికి రాత్రి బందరు కోట మీద పడి ఫ్రెంచివాళ్లను ఓడించాడు. కోట చుట్టూ ఉన్న చిత్తడి నేలలోంచి ఒక దళం నడిచి వెళ్లడాన్ని యుద్ధచరిత్రల్లో గొప్ప సాహసంగా రాశారు. సాహసమే, కాదనను. పీతలకోసం తెల్లారకముందే అదే బురదలో దిగే ఆడవాళ్లు మాత్రం ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. వాళ్ల వెనక ఫిరంగులు లేవు కదా.

చనిపోయినవాళ్ల విషయంలోనూ ఈ క్రమశిక్షణ పాటించారు. బందరుకోటలో డచ్చివాళ్ల సమాధులున్నాయి. రాళ్ల మీద పేర్లు, తేదీలు, వంశ చిహ్నాలు ఓపిగ్గా చెక్కారు. పురావస్తు శాఖ రక్షణ ఉంది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చింది. సుమారు 30,000 మంది పోయారు. ఆ వాక్యంలో ‘సుమారు’ అన్న మాట ఎంతమందిని మింగిందో ఎవరికీ తెలియదు. మళ్లీ 1977 నవంబరు 19న, ఈసారి పక్కనే దివిసీమలో. అప్పుడూ వేలల్లోనే, అప్పుడూ సుమారుగానే. దీని మీద వ్యంగ్యం రాసే తెలివి నాకు లేదు కనుక తర్వాతి అంశానికి వెళ్తాను.

తర్వాతి అంశం శంకుస్థాపనలు. పోర్టుకు 2008లో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 2019లో ఇంకో ముఖ్యమంత్రి వచ్చి పనులు ప్రారంభించారు. 2023లో మూడో ముఖ్యమంత్రి మళ్లీ శంకుస్థాపన చేశారు. ఒకే రేవుకు ఇన్నిసార్లు టెంకాయ కొట్టించుకున్న ఊరు మరొకటి ఉంటే చూపించండి. ఓడలొచ్చే రేవుగా బందరుకు ఎంత పేరొస్తుందో గానీ, శంకుస్థాపనల రేవుగా ఇప్పటికే వచ్చేసింది. ఆ శిలాఫలకాలన్నీ ఒకచోట చేర్చి, పక్కన డచ్చివాళ్ల సమాధి రాళ్ల ఫోటోలు పెడితే, రాతిమీద చెక్కే కళ మా ఊళ్లో ఎంత అవిచ్ఛిన్నంగా సాగిందో పరిశోధక విద్యార్థులకు తేలిగ్గా అర్థమవుతుంది.

ఈ పరిశోధన కోసమే గిలకలదిండి వెళ్లాను. వలలో తెగిన చోటు కుట్టుకుంటున్న పెద్దాయన దగ్గర కూర్చుని అడిగాను.

“పోర్టు వస్తే మీకు లాభమే కదా బాబాయ్?”

“పోర్టు సంగతి తర్వాత చూద్దాం బాబూ. ముందు మొగ తవ్వించమను.”

మొగ అంటే పడవలు సముద్రంలోకి పోయే ముఖద్వారం. అది పూడిపోతుంటుంది. నీరు తగ్గే పాటు సమయంలో బోటు బయటికి పోలేదు, లోపలికి రాలేదు. పోటు వచ్చేదాకా ఆగాలి. పట్టిన చేప మాత్రం ఆగదు, ఐసు కరుగుతుంటుంది, వేలం రేటు పడిపోతుంటుంది. పెద్ద ఓడలకోసం సముద్రాన్ని లోతుగా తవ్వగల దేశానికి చిన్న పడవ దారిలో ఇసుక తీయడం ఎందుకంత కష్టమో నాకు బోధపడలేదు. బహుశా చిన్న గొయ్యికి శిలాఫలకం నప్పదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక నిషేధం సబబే, మత్స్యకారులు కూడా కాదనరు. ఆ 61 రోజులకు కుటుంబానికి ఇచ్చే సాయం 2025లో 20,000 రూపాయలైంది. అంతకుముందు 10,000. పంచి చూస్తే రోజుకు 328 రూపాయలు ఇంటిల్లిపాదికీ. చేపల కుటుంబ సంక్షేమానికి ఇంత శాస్త్రీయంగా ఆలోచించిన వ్యవస్థ, మనుషుల కుటుంబం దగ్గరికి వచ్చేసరికి లెక్కల పరీక్షలో తొందరపడ్డట్టుంది.

మరోవైపు మా ఊరి తొక్కుడు లడ్డూకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బయటి ఊళ్లవాళ్లు ఇక ఆ పేరు వాడుకోలేరు. లడ్డూకు చట్టం అండ దొరికినందుకు నాకు నిజంగా సంతోషం. బందరు ఎండుచేపకు అలాంటి పత్రం రాకపోవడానికి కారణం దాని వాసన ఆఫీసు ఫైల్లోకి ఎక్కడం కష్టం కావడమే అనుకుంటా. ఉప్పుచేప ముక్క ఒకటి అర్జీకి జత చేసి పంపితే అధికారులు కనీసం ఫైలు త్వరగా వదిలించుకుంటారు.

అందుకని నా ప్రతిపాదన ఇది. బందరులో మ్యూజియం కట్టాలి. కంపెనీ ఓడ బొమ్మ, జెండా, బ్యాంకు మొదటి పాసుబుక్కు లాంటివన్నీ ఉండనివ్వండి. మధ్యలో మాత్రం ఒక తెడ్డు, ఒక వల, చేపలమ్మే గంప పెట్టాలి. ఈ ఆలోచన గట్టు మీద కవళ్ల చేపలు ఎండబెడుతున్న ఆవిడకు వివరంగా చెప్పాను. చివరిదాకా విని, “ఏసీ పెడతారా బాబూ అందులో?” అంది.

మ్యూజియం అన్నాక పెడతారని చెప్పాను.

“అయితే ఆ గంపకి పక్కన కాస్త చోటు వదలమను. వేట లేనప్పుడు మేం వచ్చి కూర్చుంటాం. టిక్కెట్టు అడిగితే మాత్రం నేనివ్వను.”